పేరు లేని పనిముట్లు

భద్రాచల రామాలయమునకు బోయినవారందఱును రామదాసు చేయించిన నగలను జూచి కన్నుల కద్దుకొని వత్తురు. పాల్వంచ పరగణాకు తహసీలుదారుగా నుండిన కంచెర్ల గోపన్న పదునేడవ శతాబ్దమున ఆ యాలయమును గట్టించి, దేవునికి నగలు చేయించి, గోలకొండ కోటలో చెఱ ననుభవించిన కథ నెఱుగని తెలుగు ఇల్లు లేదు. ఆ పతకములు నేటికిని భద్రముగా నున్నవి. సంతోషమే. అయితే ఆ యాలయమునకు రాయి చెక్కిన ఉలి యేమయ్యెను? దూలములను చదును చేసిన బాడిస యెవరి యింటనుండెను? ఈ ప్రశ్న నడిగినవారిని మేమింతవఱకు జూడలేదు. మన చరిత్రకారులు శాసనములు చదివిరి, నాణెములేరిరి, రాజుల వంశములను వరుసగా గూర్చిరి. పనిముట్టు మాత్రము వారి పుస్తకములలోనికి బ్రవేశింపలేదు.

అది ప్రవేశించు చోటు వేఱొకటి కలదు. ఖమ్మము, కొత్తగూడెము, భద్రాచలము పట్టణములలో పాత యినుప సామాను కొనువారి కొట్ల ముంగిట నిలిచి చూడుడు. విరిగిన సైకిలు చక్రములు, తుప్పుపట్టిన రేకులు, వాని నడుమ కామ యూడిన గొడ్డళ్లు, అరిగిన కర్రులు, పిడి లేని కొడవళ్లు, రోకటి పొన్నులు కుప్పలుగా బడియుండును. వాని కన్నిటికిని కిలో లెక్కన నొకటే ధర. మూడు తరముల చేతులలో మెలగిన గొడ్డలికిని, నిన్న విఱిగిన కిటికీ ఊచకును భేదము లేదు. అచ్చటినుండి లారీకెక్కి కరగించు కొలుములకు బోవును. ఒకసారి కరగిన పిమ్మట దాని చరిత్ర నెవ్వరును దిరిగి తేలేరు.

ఇట్టి కుప్పనే చూచి అమెరికా దేశమున నొక పెద్దమనిషి మనసు మార్చుకొనెను. పెన్సిల్వేనియా రాష్ట్రమునందలి డాయిల్స్‌టౌను నివాసియగు హెన్రీ మెర్సరు న్యాయశాస్త్రము చదివినవాడు, పురాతత్త్వ పరిశోధకుడు. 1897లో ఆయన పాత పొయ్యికి పట్టకారు కొనవలెనని పాత సామాను వర్తకుని కడకు బోయెను. అచ్చట దారపు రాట్నములు, గొడ్డళ్లు, నార దువ్వెడు పనిముట్లు, యంత్రములు వచ్చిన పిదప నెవరికిని బనికిరాక, చెత్తగా బడియుండుట కనెను. భూమిని ద్రవ్వి వేల యేండ్లనాటి రాతిముక్కలను వెదకు తాను, కన్నులయెదుట తన తాతల చరిత్ర తగులబడుచుండగా చూడకుంటినే యని యాయనకు దోచెను. ఆ యేడే తాను సేకరించినవానిని ప్రదర్శించి, దానికి 'దేశమును నిర్మించినవాని పనిముట్లు' అను నర్థమిచ్చు పేరు పెట్టెను. 1916 నాటికి వానికై కాంక్రీటుతో నొక పెద్ద భవనమును గట్టించెను. 1929లో వడ్రంగుల పాత పనిముట్లనుగూర్చి యొక గ్రంథము ప్రకటించి, మఱుసటి యేడు పరలోకగతుడయ్యెను. 1933లో ఆ దేశమున పాత పనిముట్ల యధ్యయనమునకే యొక సంఘము వెలసినది. నేడు పాత రంపమును, పాత చిత్రికను కొని, బాగుచేసి, గోడకు దగిలించు అభిరుచి యచ్చట సామాన్య గృహస్థులలో సైతము వ్యాపించియున్నది.

అమెరికావారికి పనిముట్టు నానవాలు పట్టుట యొకవిధముగా సులభము. ఫిలడెల్ఫియాలో 1840లో హెన్రీ డిస్టను పెట్టిన రంపముల కర్మాగారమును దీసికొందము. రంపపు పిడికి బిగించిన యిత్తడి బిళ్ల మీద పేరుండును. 1865లో కొడుకు వ్యాపారమున జేరగా 'డిస్టను, కుమారుడు' అని మాఱెను. 1871లో మఱికొందఱు కుమారులు చేరగా 'కుమారులు' అయ్యెను. ఆ బిళ్లపై నేకవచనమా బహువచనమా యని చూచియే రంపమేయేండ్ల నడుమ పుట్టినదో చెప్పవచ్చును. కనెక్టికటులోని స్టాన్లీ వారి యినుప చిత్రికల కడుపున హక్కుపత్రముల తేదీలు పోతపోసియుండును. తేదీలలో కడపటిది 1910 అయినచో అది యంతకు ముందు పుట్టినది కాదని తేలిపోవును. 1920 తరువాత కొన్నియేండ్లపాటు వారు తమ సంస్థ నాయకుడైన హార్టు పేరు జ్ఞాపకముగా అలుగుపై హృదయపు గుర్తు వేసిరి. ఆ గుర్తున్నదానికి నేడు గిరాకీ యెక్కువ.

ఇదంతయు వినుటకు బాగుగనే యున్నది. కాని యొక్క సంగతి. బిళ్లపై నున్నది డిస్టను పేరు. రంపపు పండ్లు తీర్చినవాని పేరు కాదు. కర్మాగారమున నగ్గియెదుట నిలిచిన వేలకొలది పనివారిలో నొక్కని పేరును బిళ్లమీద లేదు. పేరున్న పనిముట్టు సైతము యజమాని పేరునే చెప్పునుగాని పనివాని పేరు చెప్పదు.

ఇక మన గొడ్డలికి ఆ బిళ్లయు లేదు. ఊరి కమ్మరి తాను చేసిన కర్రుపై గుర్తు వేయలేదు. వేయవలసిన పనియు లేకపోయెను. ఊరిలోని కర్రులన్నియు వానివే. రైతు పంటకళ్లమున కొలిచి యిచ్చు మేరకు బదులుగా ఏడాది పొడవున పనిముట్లు బాగుచేయుట వాని ధర్మము. నిజాము రాజ్యమున దీనికి తోడు వెట్టియను పీడయొకటి యుండెను. దేశముఖునకును, అధికారులకును కావలసిన పనిముట్లను కమ్మరియు వడ్రంగియు ఊరకే చేసి యిచ్చుకొనవలసివచ్చెడిది. దసరానాడు మన యింటింట ఆయుధపూజ జరుగును. నాగలికిని, కత్తిపీటకును, సుత్తికిని పసుపు కుంకుమలు పెట్టుదుము. ఆ కుంకుమ పెట్టిన చేతులే దానిని జేసినవానికి మేర కొలుచునపుడు వెనుకాడుట మనకు దెలియనిది కాదు. పనిముట్టుపై పేరు లేకుండుటకు పనివాని వినయము కారణమని చెప్పుట మాకు సమ్మతము కాదు. పేరడిగినవారు లేకపోవుటయే కారణము.

పేరు లేనిదాని నెట్లు పోల్చుకొనవలెను? వ్రాత లేనిచోట వస్తువునే చదువవలెను. ఈ చదువునకు గోదావరి కిరువైపులనున్న ఖమ్మము–భద్రాచలము అడవి యంచుకంటె మంచి బడి లేదని మా తలంపు. ఇది చాలకాలము రెండు రాజ్యముల సరిహద్దు. భద్రాచలము, రేకపల్లి తాలూకాలు 1874లో మధ్యపరగణాల నుండి మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాకు వచ్చెను. ఏటికీవల పాల్వంచ, ఖమ్మము ప్రాంతము నిజాముది. 1953లో వరంగల్లు జిల్లా నుండి విడివడి ఖమ్మము జిల్లా యయ్యెను. 1959లో భద్రాచలము దానిలో జేరెను. 2014లో పోలవరము ముంపు మండలములు ఆంధ్రప్రదేశమునకు బోయెను. 2016లో భద్రాద్రి కొత్తగూడెము వేఱు జిల్లా యయ్యెను. ఎల్లలిన్నిమాఱులు మాఱినను కోయవాని గొడ్డలి మాత్రము ఏటికావల నీవల నొకే చెట్టును గొట్టినది.

మొదట నినుమును జూడవలెను. ఉత్తర తెలంగాణమున, ముఖ్యముగా నిజామాబాదు ప్రాంతపు కోనసముద్రమున, మూసలలో కరగించి చేసిన ఉక్కు పారసీక దేశమువఱకును బోయి కత్తులైనది. 1824లో మరణించిన డాక్టరు వాయిసీ అను భూతత్త్వవేత్త కోనసముద్రపు కొలుములను స్వయముగా జూచి వర్ణించెను. ఆ రచన 1832లో బంగాళ ఏషియాటిక్ సంఘపు పత్రికలో వెలువడినది. 2010లో మన దేశపు పండితులును, ఇంగ్లండు పండితులును గలసి ఉత్తర తెలంగాణమున తిరిగి, పాత చిట్టెపు దిబ్బలను లెక్కకు దెచ్చిరి. అడవియంచు గ్రామములలోని గొడ్డళ్లన్నియు నట్టి యుక్కుతో జేసినవని మేమనము. ఆ యుక్కు వెలగలది, ప్రభువుల కత్తులకు బోయినది. పల్లె కమ్మరి చేతికి వచ్చినది బొగ్గుతో తిత్తులూది తీసిన మెత్తని పచ్చియినుము. అట్టి యినుము విఱిగినచోట కట్టెవలె పోగులు పోగులుగా గనబడును. తుప్పుపట్టినను నిలువు చారలుగానే పట్టును. అంగడిలో గొన్న యంత్రపు టినుమునకు ఈ చారలుండవు. పందొమ్మిదవ శతాబ్దమున సీమ యినుము చవుకగా దిగుటయు, బొగ్గునకు కావలసిన కట్టె అడవి చట్టముల పాలగుటయు గలసి మన యినుప కొలుములను చల్లార్చినవి.

రెండవది అతుకు. మెత్తని యినుముతో మాత్రమే చేసిన గొడ్డలి పదును నిలువదు. ఉక్కుతో మాత్రమే చేసినచో ఖర్చు, విఱుగుడు భయము. కావున కమ్మరి యినుప పట్టెను కామ మందమున మడచి, రెండంచులు గలియుచోట చిన్న ఉక్కు ముక్క నిమిడ్చి, తెల్లగా గాల్చి సమ్మెటతో గొట్టి యేకము చేయును. అలుగును శుభ్రపఱచి నిమ్మరసము పూసి కొంతసేపుంచి తుడిచినచో ఉక్కుపాలు నల్లబడును, ఇనుముపాలు తేటగా నుండును; నడుమ సన్నని వంకరగీత దేలును. ఆ గీతయే మన కమ్మరి చేవ్రాలు. గీత నిలుకడగా సాగినచో చేయి తిరిగినవాడు. నడుమ సందులున్నచో అగ్గి చాలని నాడు చేసినది. ఉక్కు ముక్క యెచ్చటిదో కూడ నొక్కొక్కప్పుడు తెలియును. మేము చూచిన యొక కత్తి వెన్నుమీద అడ్డముగా సన్నని గీతలు వరుసగా మిగిలియున్నవి. అవి ఆకురాతి పండ్లు. అరిగిపోయిన ఆకురాయి కమ్మరి చేతిలో కత్తియైనది. ఇటీవలి కత్తులు చాలవఱకు లారీ కమాను పట్టీలు. పనికిరాదని ఇతరులు పాఱవైచినదానిలో కమ్మరికి ఉక్కు కనబడును.

దుమ్ముగూడెమున ఈ సంగతి మఱింత ఆలోచింపదగినది. గోదావరిపై ఎగువ దాక పడవలు నడపవలెనని సర్ ఆర్థరు కాటను తలపెట్టిన పనిలో మొదటి యడ్డుకట్ట యచ్చటనే గట్టిరి. కాలువయు లాకులును ద్రవ్విరి. ఖర్చు మితిమీఱినదని 1871లో ప్రభుత్వము పని నిలిపివేసినది. అట్టి పనులకు దూరపు కమ్మరులు, వడ్రంగులు, రాతిపనివారు వందలుగా వచ్చుట సహజము. పని నిలిచిన పిదప మిగిలిన యినుము ఏ పల్లె కొలిమిలో నే కర్రుగా మాఱినదో యని దుమ్ముగూడెపు లాకు లెదుట నిలిచినప్పుడెల్ల మాకు దోచును. ఇల్లెందు వైపు 1871లో డాక్టరు కింగు నేలబొగ్గు నానవాలు పట్టెను. 1889లో త్రవ్వకము మొదలయ్యెను. 1920లో ఆ కంపెనీ సింగరేణి పేరు దాల్చెను. తట్టా చెమ్మస్ పట్టి బొగ్గు నింపిన కార్మికుల భాషలో ఆ రెండు మాటలును బ్రతుకునకే పేర్లు. యంత్రములు వచ్చిన పిదప అవి అరుదగుచున్నవి. తన తాత బొగ్గు నింపిన చెమ్మస్‌ను ఇంట నుంచుకొన్న యువకు లెందఱు?

మూడవది అరుగుదల. మాకిదియే యన్నిటికంటె ప్రియమైన పాఠము. కుడిచేతివాని కొడవలి యొకవైపున, ఎడమచేతివానిది మఱియొకవైపున నరుగును. కత్తిపీట అలుగు నడుమ లోతుపడినచో ఆ యింట కూర తఱిగిన స్త్రీ యెంత యెత్తున గూర్చుండెనో యూహింపవచ్చును. రోకటి పొన్ను ఒక ప్రక్క పలుచబడినచో ఇద్దఱు దంచిన రోలది కాదు, ఒంటరిగా నొక్కతెయే దంచినది కావచ్చును. పిడిపై బొటనవ్రేలు పడు గుంట చిన్నదైనచో అది చిన్న చేయి. ఇంటిలోని స్త్రీలు వాడిన పనిముట్లను సేకరించువారు మిక్కిలి తక్కువ. గొడ్డలి, ఈటె, విల్లు గోడకెక్కును, కత్తిపీట యెక్కదు. మా సోదరీమణు లీ లోపమును దీర్పగలరు. ఇంటి మూలనున్న యడకత్తెరను పాత సామానువానికి వేయుటకు ముందు అత్తగారి నొక మాట యడిగిన జాలును.

నాలుగవది కామ. గొడ్డలి కామకు అడవివారు చిరుమానును మెచ్చుదురు; అది దెబ్బ కోర్చును, చీలదు. మైదానపు రైతు తుమ్మను వాడును. కావున నినుమొకచోటిది, కామ యొకచోటిది యగుట కద్దు. కొండరెడ్లు నాగలి లేకయే గొడ్డలితో పోడు గొట్టి, గుచ్చుకఱ్ఱతో విత్తనమిడుటనుగూర్చి హైమెండార్ఫు అను మానవశాస్త్రజ్ఞుడు 1945లో ప్రకటించిన గ్రంథమున విపులముగా వ్రాసెను. కోయలలో కమ్మర కోయలను శాఖవారు పనిముట్లు చేసి ధాన్యము పుచ్చుకొనువారు. దుమ్ముగూడెమున నుండిన కెయిను అను క్రైస్తవ గురువు 1876 మొదలు భద్రాచలము, రేకపల్లి తాలూకాల కోయలనుగూర్చి వ్యాసములు వ్రాసెను. ఇవియన్నియు బయటివారి వ్రాతలు. లోపలివారి సాక్ష్యము చేతిలోని కఱ్ఱయందున్నది.

ఈ సాక్ష్యమునకు విలువ యేమని యడుగవచ్చును. 1882 నాటి మద్రాసు అడవి చట్టము వచ్చినది మొదలు పోడు కొట్టువాని గొడ్డలి నేరపు గుర్తయ్యెను; నిజాము వైపున రక్షితారణ్యములలోను అదే గతి. గొడ్డలి చేతబట్టి నడచుటయే యపరాధమైనట్లు రెండు తరములు బెదిరి బ్రతికినవి. 2006 నాటి అటవీ హక్కుల చట్టము 13 డిసెంబరు 2005కు ముందునుండి దున్నుకొనుచున్న భూమిపై హక్కు నిచ్చును. దానికి ఋజువులుగా బావులు, శ్మశానములు, పెద్దల వాఙ్మూలము మొదలగువానిని నియమములు అంగీకరించినవి. పనిముట్లు ఆ పట్టికలో లేవు. అయినను తాత వాడిన గుచ్చుకఱ్ఱ మొనను ఎదుట బెట్టుకొని కూర్చున్న ముదుసలికి ఏ చేనెప్పుడు కొట్టినదియు వరుసగా జ్ఞప్తికి వచ్చును. వస్తువు లేనిచోట జ్ఞాపకమును తడబడును.

ఇక బాగుచేయుట. పాతదానిని క్రొత్తదానివలె తళతళలాడించుటయే బాగుచేయుట యని పలువురి భ్రమ. ఆకురాయి పట్టి, విద్యుత్సాన మీద బెట్టి, సుత్తి దెబ్బల గుంటలన్నియు నరుగదీసి, పైన రంగు పూసి గోడకు దగిలించిన గొడ్డలిని మేము చూచితిమి. దానికంటె తుప్పే నయము. తుప్పు మెల్లగా దినును. సాన యొక్క గంటలో దినివేయును. ముఖ్యముగా పాత పనిముట్టును నిప్పులో పెట్టరాదు. కమ్మరి కాల్చి నీట ముంచి తెచ్చిన పదును ఆ వేడికి వదలిపోవును. పోయినదానిని తెలిసినవాడు తప్ప తిరిగి తేలేడు.

మేమనుసరించు పద్ధతి చెప్పెదము. కడుగుటకు ముందే వస్తువును బొమ్మ దీసి, కొలతలు వ్రాయవలెను. మట్టి కూడ నొక్కొక్కప్పుడు సాక్షియే. పొడి కుంచెతో దుమ్ము దులిపి, కిరసనాయిలులో రెండు మూడు దినములుంచి, కొబ్బరిపీచుతో రుద్దిన పై తుప్పు చాలవఱకు రాలును. మొండి తుప్పునకు చింతపండు పులుసు పనిచేయును గాని దానిని రాత్రంతయు మఱచినచో ఇనుమునే తినును. గంటగంటకు జూచి, బూడిద నీట గడిగి, వెంటనే యెండబెట్టి నూనె పూయవలెను. అమెరికా సేకర్తలు చాకలిసోడా నీట పనిముట్టును ముంచి బ్యాటరీ విద్యుత్తుతో తుప్పు వదలింతురు. పద్ధతి మంచిదే; అయితే దానినుండి వెలువడు వాయువునకు నిప్పు భయము కలదు, ఆరుబయటనే చేయవలెను; రెండవ ధ్రువముగా స్టెయిన్‌లెస్ స్టీలు పెట్టరాదు, నీరు విషమగును. ఎఱ్ఱతుప్పు పోయిన పిదప మిగులు నల్లని పొరను ముట్టరాదు. అది యినుమునకు కవచము. ఆముదముగాని, ఇప్పనూనెగాని పలుచగా రాచిన జాలును. విఱిగిన కామను మార్చవలసివచ్చినచో పాత కామను పాఱవేయక దానితో గట్టి యుంచవలెను.

ఇంకను నడుచుచున్న పనిముట్టు నెవ్వరి చేతినుండియు కొని తేరాదు. పేదవాడు నూఱు రూపాయల కాశపడి గొడ్డలి యిచ్చివేసి, రేపు కట్టె కొట్టుకొనలేక బాధపడిన నది సేకరణ కాదు, దోపిడి. క్రొత్తది కొనియిచ్చి, వాని యిష్టముతో పాతది దీసికొనుట యొకటి. పదును పెట్టించి వానికే విడిచివచ్చుట యింకను మేలు. భద్రాచలమున గిరిజనాభివృద్ధి సంస్థవారి ఆవరణమున నొక ప్రదర్శనశాల కలదు. అట్టిచోట్ల వస్తువుల ప్రక్కన 'గొడ్డలి' యని మాత్రము వ్రాసి యూరకుండక, చేసినవాని ఊరు, వాడినవాని ఊరు, కామ యే చెట్టుది యను మూడు ముక్కలు చేర్చినచో బడిపిల్లలకు జదువుటకు బనియుండును.

కాలము మాత్రము తొందరించుచున్నది. 1986లో భద్రాచలమున గోదావరి 75.6 అడుగులకు లేచెను. 2022 జూలైలో 71.3 అడుగులకు వచ్చెను. ఆ వఱదలలో మునిగిన యిండ్లనుండి దీసిన యినుమంతయు బురదలో నాని తుప్పుముద్దయైనది. పోలవరము ముంపునకు వేలేరుపాడు, కుక్కునూరు, కూనవరము వైపు పల్లెలు ఇల్లు విడిచి పునరావాస కాలనీలకు బోవలసివచ్చినది. కాలనీయింట ధాన్యము దంచు రోలునకు దావు లేదు, పోడు లేదు గనుక గుచ్చుకఱ్ఱకు పని లేదు. మూట గట్టునపుడు మొదట విడువబడునవి యివియే, బండి కట్టించుకొని వాకిట నిలిచిన పాత సామానువాడు తూచి కొనునవియు నివియే. ఆ వాకిట నొకగంట ముందుగా జేరుటకు గొప్ప విద్య యక్కఱలేదు. చిన్న త్రాసు బదులుగా నొక నోటుపుస్తకము, కొలత టేపు, ఒక సీసా ఆముదము, అడుగుటకు రెండు ప్రశ్నలు చాలును: దీనిని చేసినదెవరు? దీనితో మీ యమ్మ యేమి చేసెడిది?